ఇంకో పది నిమిషాలు ఉంచనా?

కోడికూర వండటం మీకు కొత్త కాదు. మూత తీసి, గరిటె అంచుతో ముక్కను నొక్కితే చాలు, ఉడికిందో లేదో మీ చేతికే తెలిసిపోతుంది. నూనె పైకి తేలింది, కొత్తిమీర చల్లారు, పొయ్యి కట్టేశారు. మరి అదే చేత్తో ఓటీజీలో పెట్టిన నిండు కోడిని బయటికి తీయాల్సి వచ్చేసరికి ఎందుకంత తడబాటు? పైన చూస్తే మసాలా నల్లబడుతోంది. లోపల ఏమవుతోందో అంతు చిక్కదు. అద్దంలోంచి తొంగి చూస్తారు, కత్తితో గుచ్చి చూస్తారు. ఈలోగా హాల్లోంచి అత్తగారో అమ్మో "ఎందుకైనా మంచిది, ఇంకో పది నిమిషాలు ఉంచమ్మా" అంటారు. ఉంచుతారు. ఆ పది నిమిషాల్లోనే బ్రెస్ట్ పీస్ పీచయిపోతుంది. పిల్లలు లెగ్ పీసుల కోసం కొట్టుకుని, మిగతాది ప్లేట్లలో వదిలేసి లేస్తారు.

కూరలో ఆ పది నిమిషాలకు శిక్ష లేదు. ముక్క కాస్త ఎక్కువ ఉడికినా పులుసు దాన్ని కాపాడుతుంది, అన్నంలో కలిసిపోతుంది. రోస్టులో పులుసు ఎక్కడిది? వేడి పెరిగేకొద్దీ కండ బిగుసుకుని లోపలి తడిని బయటికి నెట్టేస్తుంది. ఆ తడి ట్రేలోకి కారిపోతుంది. పచ్చి ముక్క తింటామేమోనన్న భయం మనకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఉండాలి కూడా. కాకపోతే ఆ భయంతో మనం చేసే పని ఎప్పుడూ ఒక్కటే, ఇంకాసేపు ఉంచడం. మీట్ థర్మామీటర్‌ని కూడా చాలామంది పచ్చిదనం భయంతోనే కొంటారు. వాడటం మొదలుపెట్టాక తెలుస్తుంది, మన ఇళ్లలో దాని అసలు పని "ఇక చాలు, తీసెయ్" అని చెప్పడమేనని. ఆ మాట ధైర్యంగా అనేవాళ్లు మన వంటింట్లో ఎవరూ లేరు మరి!

గుర్తుంచుకోవాల్సిన అంకె

74 డిగ్రీల సెల్సియస్. ఫారెన్‌హీట్‌లో 165. కోడి, టర్కీ, బాతు, ఏ పక్షి మాంసమైనా లోపలి వేడి కనీసం ఇంతకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఆ వేడి దగ్గర సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు క్షణాల్లో చస్తాయి. ఈ ఒక్క అంకెను ఆ శాఖ ఖాయం చేసింది 2006లో. అంతకుముందు నిండు కోడికి 180 ఫారెన్‌హీట్, అంటే 82 సెల్సియస్ దాకా కాల్చమనేది. పాత ఇంగ్లిష్ వంట పుస్తకాల్లో ఇప్పటికీ ఆ పెద్ద అంకే కనబడుతుంది. దాన్ని పట్టుకుంటే బ్రెస్ట్ ఎండిపోవడం ఖాయం.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు "బాగా ఉడికించి తింటే భయం లేదు" అన్న మాట ఊరూరా వినబడింది, గుర్తుందా? బాగా అంటే ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ముక్కలో అన్ని భాగాలూ 70 డిగ్రీలకు చేరాలి. మన 74 దానికి పైనే ఉంది.

ఇక్కడే ఇంకో సంగతి. 74 అనేది ఆరోగ్యానికి సరిపోయే అంకె. రుచి విషయానికొస్తే బ్రెస్ట్ ఆ చుట్టుపక్కలే ఆగాలి, తొడ మాత్రం 80 దాటి 85 దాకా వెళ్తేనే బాగుంటుంది. తొడలోనూ కాలిలోనూ బిగువైన పొరలు ఎక్కువ. అవి కరిగి మెత్తబడాలంటే ఎక్కువ వేడి కావాలి. 74 దగ్గర తీసిన తొడ ముక్క నిక్షేపంగా తినొచ్చు, పళ్ల కింద కొంచెం సాగుతుంది, అంతే. ఒకే కోడిలో రెండు రకాల కండ, రెండు రకాల అవసరం. రోస్టులోని తలనొప్పంతా ఇదే.

1. ఏది కొనాలి?

చిన్న తెర, సన్నటి పుల్ల ఉన్న డిజిటల్ రకం కొనండి. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. గుచ్చితే కొద్ది సెకన్లలో అంకె చూపిస్తుంది, చూసి తీసేస్తారు. దాన్ని ఓవెన్‌లో వదిలేసి తలుపు వేయకండి, ప్లాస్టిక్ తల కరిగిపోతుంది. పుల్ల కోడిలోనే ఉండి, సన్నటి తీగ తలుపు సందులోంచి బయటి డబ్బాకు వచ్చే రకం ఇంకోటి ఉంది. ఖరీదు కొంచెం ఎక్కువే. తరచూ రోస్ట్ చేసేవాళ్లకు అదే సుఖం, తలుపు తీయకుండానే అంతా తెలుస్తుంది.

గుండ్రటి ముల్లు డయల్ ఉండే పాత రకం నాకు నచ్చదు. దాంట్లో వేడిని పసిగట్టే భాగం మొన దగ్గర్నుంచి పైకి రెండు అంగుళాల దాకా ఉంటుంది. అంతా కండలో దిగితేనే సరైన అంకె వస్తుంది. మన కిలోంబావు బ్రాయిలర్‌లో అంత మందం ఎక్కడుంది? కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన గన్ రకం చర్మం మీది వేడినే చెబుతుంది, కోడి విషయంలో ఎందుకూ పనికిరాదు. జ్వరం చూసుకునే థర్మామీటర్ జోలికి అసలు పోకండి. అది 42, 43 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. గాజుదైతే పగిలి, పాదరసం మాంసంలో పడుతుంది.

2. కొన్న రోజే పరీక్షించండి

గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి, కలిపి, రెండు నిమిషాలు ఆగండి. పుల్ల మొన గ్లాసు అడుగుకూ అంచుకూ తగలకుండా మధ్యలో ఉంచండి. సున్నా చూపించాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే వెనక్కి పంపేయండి. మరిగే నీళ్లతో కూడా చూడొచ్చు గానీ, హైదరాబాద్‌లో ఉండి 100 కోసం ఎదురుచూడకండి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న ఊరు కాబట్టి అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. విశాఖపట్నంలో అయితే 100 వస్తుంది. ఐసు పరీక్షకు ఈ గొడవ లేదు.

పనిలో పనిగా తెర మీద అంకె పక్కన ఏ అక్షరం ఉందో చూడండి. సెల్సియస్‌లో ఉందా, ఫారెన్‌హీట్‌లో ఉందా? చాలా వాటికి మార్చుకునే మీట ఉంటుంది. ఫారెన్‌హీట్‌లో పెట్టి ఉన్నది ఏసీ గదిలో ఊరికే పడి ఉన్నా 74 చూపిస్తుంది! ఇంకొకరు అమెరికా వీడియోలో 165 విని, సెల్సియస్‌లో 165 వచ్చేదాకా కూర్చున్నారనుకోండి. ఆ కోడి బొగ్గయినా ఆ అంకె రాదు.

3. గుచ్చకముందు చేయాల్సినవి

షాపులో "నిండు కోడి, స్కిన్‌తో, ముక్కలు కొట్టొద్దు" అని ముందే చెప్పండి. చెప్పేలోపే కత్తి దిగిపోతుంది, వాళ్ల అలవాటు అది. స్కిన్‌లెస్ తప్పదనుకుంటే నూనో వెన్నో దట్టంగా పట్టించి, మొదటి అరగంట ఫాయిల్ కప్పండి.

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన కోడైతే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. రెండు కిలోలకు ఒక రోజు చొప్పున లెక్క. గట్టు మీద పెట్టి కరిగించొద్దు. లోపల ఐసు ఉండగా ఓవెన్‌లో పెడితే పైన మాడుతుంది, పొట్ట పక్కన 40 కూడా దాటదు, అప్పుడు థర్మామీటర్ చెడిపోయిందని దాన్ని తిట్టుకుంటాం.

కడగడం మాటేమిటి? పచ్చి కోడిని కడగొద్దు, నీళ్లు చిమ్మి క్రిములు వంటిల్లంతా పడతాయి అనేది ఆహార భద్రతా సంస్థల సలహా. పసుపూ ఉప్పూ వేసి నాలుగుసార్లు కడిగితే తప్ప మన పెద్దవాళ్లు పొయ్యి దగ్గరికి రానివ్వరు. కడగక తప్పదంటే పంపు ధార కింద కాకుండా లోతైన గిన్నెలో, చిమ్మకుండా కడిగి, తర్వాత సింకునూ గట్టునూ సబ్బుతో తోమండి. కోడిని పొడిగా తుడవడం మాత్రం మరవద్దు, తడి చర్మం ఎర్రబడదు.

4. ఎక్కడ గుచ్చాలి?

తప్పులన్నీ జరిగేది ఇక్కడే. ఒక కోడిలో నాలుగు చోట్ల గుచ్చితే నాలుగు అంకెలొస్తాయి. వాటిలో మనకు కావాల్సింది అన్నిటికంటే తక్కువది, ఎందుకంటే అందరికంటే వెనకబడ్డ చోటు అదే. మీకు నచ్చిన పెద్ద అంకె దగ్గర ఆగిపోకండి.

బ్రెస్ట్‌కు: మెడ వైపు నుంచి, రొమ్ము ఎముకకు సమాంతరంగా, అన్నిటికంటే మందమైన చోట పుల్లను దించండి. పైనుంచి నిలువుగా పొడిస్తే ఎముకకు తగులుతుంది, లేదా పొట్టలోని ఖాళీలోకి దూసుకుపోతుంది. ఆ ఖాళీలో ఉన్నది వేడి గాలి, మాంసం కాదు.

తొడకు: కాలు ఒంటికి అతుక్కునే మడత ఉంటుంది చూశారా, అక్కడ నుంచి తొడ లోపలి కండలోకి. ఎముక తగిలినట్టు అనిపిస్తే కొంచెం వెనక్కి లాగి, దిశ మార్చండి. ఎముకను ఆనుకున్న మొన తప్పు అంకె చెబుతుంది.

గుచ్చే పద్ధతి కూడా ఉంది. మధ్యలో ఆపేయకుండా కొంచెం ఎక్కువ లోతుకు దించి, నెమ్మదిగా వెనక్కి లాగుతూ తెర చూడండి. అంకె తగ్గుతూ తగ్గుతూ ఒకచోట మళ్లీ పెరగడం మొదలవుతుంది. ఆ అడుగు అంకే నిజం.

మసాలా పట్టాలని మనం కోడికి లోతుగా గాట్లు పెడతాం. పుల్ల దూరడానికి తేలికగా ఉంటుందని ఆ గాటులోంచే గుచ్చుతారు చాలామంది. గాటు లోపలికి ఓవెన్ వేడి నేరుగా తగులుతుంది, కాబట్టి అక్కడ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. రెండు గాట్ల మధ్య చెక్కుచెదరని కండలో గుచ్చండి. పొట్టలో గుడ్లో కీమానో పలావో కూరితే ఆ కూర నడిమధ్య కూడా 74 రావాలి. అది వచ్చేలోపు బ్రెస్ట్ ఎండిపోతుంది కాబట్టి నా మాట వింటే ఏమీ కూరకండి, పలావు విడిగా వండుకోండి.

5. ఎప్పుడు గుచ్చాలి?

మరీ తొందరగా వద్దు, మరీ ఆలస్యంగా అసలే వద్దు. 190 డిగ్రీల ఓటీజీలో కిలోంబావు కోడికి గంట నుంచి గంటంబావు పడుతుంది. ముప్పావుగంటకు మొదటిసారి చూడండి. బ్రెస్ట్ 55, 60 మధ్య ఉంటే పావుగంట ఆగి మళ్లీ చూడండి. 65 దాటాక అయిదేసి నిమిషాలకు ఓసారి. అయిదు నిమిషాలకోసారి మొదటి నుంచీ తలుపు తీసేవాళ్లు ఉంటారు. తీసిన ప్రతిసారీ వేడి బయటికి పోయి వంట వెనకబడుతుంది.

"గుచ్చితే రసమంతా కారిపోదా?" అని అడుగుతారు. సన్నటి పుల్ల చేసే రంధ్రంలోంచి పోయేది నాలుగు చుక్కలు. ఓవెన్‌లో అదనంగా ఉంచిన పది నిమిషాల్లో పోయేదాని ముందు అదెంత?

గుచ్చిన ప్రతిసారీ పుల్లను వేడి సబ్బునీళ్లతో కడిగి తుడవండి. ముప్పావుగంటకు సగం పచ్చి కండలో దిగిన పుల్లనే, కడగకుండా చివర్లో ఉడికిన ముక్కలో దించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

6. తీయాలి, ఆగాలి

బ్రెస్ట్ 71 చూపించగానే కోడిని బయటికి తీయండి. కంగారు పడకండి, 74 అని చెప్పి 71కే తీయమంటున్నానేమిటని. బయటికి తీశాక కూడా చర్మం దగ్గరి వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. చిన్న కోడిలో మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది, పెద్ద టర్కీలో అయిదారు. వదులుగా ఫాయిల్ కప్పి పావుగంట వదిలేయండి. పుల్ల గుచ్చి 74 వచ్చిందని కళ్లారా చూశాకే కోయండి. రాకపోతే? మళ్లీ ఓవెన్‌లో పెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంట్లో గర్భిణులో పసిపిల్లలో ముసలివాళ్లో ఉంటే ఈ రెండో చూపు తప్పనిసరి.

ఆ పావుగంట ఆగడం మనకు మహా కష్టం. ఘుమఘుమలు వస్తుంటే పిల్లలు చుట్టూ చేరతారు, ఆయన కత్తి పట్టుకుని నిలబడతాడు. ఆగకుండా కోస్తే బోర్డు మీద నీళ్లలా రసం పారుతుంది. ఆ సమయంలో ఉల్లిపాయలు తరగమనండి, నిమ్మకాయలు కోయమనండి.

ఇప్పుడు అసలు చిక్కు. బ్రెస్ట్ 71కి వచ్చేసింది, తొడ ఇంకా 68లోనే ఉంది. ఏం చేస్తారు? మొత్తం కోడిని మళ్లీ లోపల పెడితే మొదటి కథే. కాళ్లు రెండూ తొడలతో సహా కోసి, వాటినే ట్రేలో ఓవెన్‌లోకి పంపండి. పది పదిహేను నిమిషాల్లో 80 దాటతాయి. ఈలోగా బ్రెస్ట్ ఫాయిల్ కింద తన మానాన తాను 74కి చేరుతుంది, చేరిందని పుల్లతో చూసుకోండి. బల్ల మీద నిండు కోడి ఫొటోకు రాదు, నిజమే. ఫొటో కావాలనుకునేవాళ్లు ముందే జాగ్రత్తపడాలి. కోడిని కింది అరలో పెట్టండి. పై రాడ్డుకు దగ్గరైతే బ్రెస్ట్ ముందు పరుగెత్తుతుంది. కాళ్లను దారంతో బిగించి కట్టకండి, వేడి తొడల మధ్యకు దూరాలి. లేదంటే షాపులోనే వెన్నెముక కోయించి, కోడిని పుస్తకంలా పరిచి కాల్చండి. అప్పుడు బ్రెస్టూ తొడా దాదాపు ఒకేసారి తయారవుతాయి, సమయమూ తగ్గుతుంది.

7. రంగును నమ్మకండి

"రసం తేటగా వస్తే ఉడికినట్టు" అని ఇంగ్లిష్ పుస్తకాలు చెప్పే చిట్కా ఉప్పూ మిరియాలు మాత్రమే రాసిన కోడి మీద కూడా గ్యారంటీ లేనిది. మన కోడికి పట్టించేది కారం, పసుపు, పెరుగు. దాని రసం ఎర్రగా కాక ఇంకెలా ఉంటుంది? పెరుగులో రాత్రంతా నానిన కండ ఉడకకముందే మెత్తగా ఉంటుంది కాబట్టి వేలితో నొక్కి చూసే పద్ధతీ మోసం చేస్తుంది.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. చుట్టాలొచ్చారు, కోడి కోశారు, తొడ ఎముక పక్కన గులాబీ రంగు కనబడింది. "పచ్చిగా ఉందర్రా!" అని ఒకరు అనగానే అందరి చేతులూ ఆగిపోయాయి. బ్రాయిలర్ కోడి వయసు ఆరు వారాలు అటూ ఇటూ. లేత ఎముక లోపలి మూలుగ రంగు కండలోకి దిగుతుంది, ఫ్రీజర్‌లో ఉంచిన కోడిలో ఇంకా ఎక్కువ. మీరు రెండు మూడు చోట్ల గుచ్చి 74 పైన చూసి ఉంటే నిశ్చింతగా వడ్డించండి. నమ్మనివాళ్లకు వాళ్ల ముందే పుల్ల గుచ్చి తెర చూపించండి.

టర్కీ చేసేవాళ్లకు

నవంబర్ నాలుగో గురువారం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అల్లం వెల్లుల్లి, గరం మసాలా దట్టించిన టర్కీ మీ ఓవెన్‌లో ఉంటే, పైవన్నీ మీకూ వర్తిస్తాయి. సమయాలే మారతాయి. ఆరు కిలోల టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికే మూడు రోజులు కావాలి. 325 ఫారెన్‌హీట్‌లో కాలడానికి మూడు నుంచి మూడుముప్పావు గంటలు. రెండు గంటలు దాటాక చూడటం మొదలుపెట్టండి. బ్రెస్ట్ మీద ప్లాస్టిక్ బుడిపె గుచ్చి అమ్ముతారు కొన్నిటిని, అయిపోతే పైకి లేస్తుందని. అది లేచేసరికి తరచూ బ్రెస్ట్ మించిపోయి ఉంటుంది, పైగా అది చెప్పేది ఒక్క చోటి సంగతే. దాని కోసం ఎదురుచూడకండి.

నాటుకోడి మాత్రం ఈ లెక్కలోకి రాదు. థర్మామీటర్ చెప్పేది వేడి ఎంతో, ముక్క మెత్తబడిందో లేదో చెప్పదు. ఏడాది పాటు దొడ్లో తిరిగిన కోడిని 74 దగ్గర తీస్తే ఆరోగ్యానికి ఢోకా లేదు గానీ నమలడం మన వల్ల కాదు. పందెంలో ఓడిన కోడి సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటికి పులుసూ, కుక్కరూ, ఓపికా ఉన్నాయి, ఓవెన్ వద్దు.

మిగిలిపోతే రెండు గంటల్లోపు ఎముకలు తీసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మర్నాడు వేడిచేసేటప్పుడూ అదే 74.

ఒక చిన్న పని మిగిలింది. మీ ఓటీజీ డయల్ మీద 190 అని ఉన్నా లోపల 170 ఉండొచ్చు, 210 ఉండొచ్చు. అందుకే పక్కింటావిడ చెప్పిన నిమిషాలు మీకు పనికిరావు. మొదటి కోడి చేసిన రోజే వంటింటి క్యాలెండర్ వెనకో, ఫోన్‌లోనో నాలుగు ముక్కలు రాసుకోండి, ఇలా: "1.3 కిలోలు, స్కిన్‌తో, వెన్నెముక తీసి పరిచాను. డయల్ 190, కింది అర. 40 నిమిషాలకు బ్రెస్ట్ 62. 50కి 71, తొడ 79, తీశాను. పావుగంటకు బ్రెస్ట్ 75." రెండో కోడికి తలుపు మొదటిసారి ఎప్పుడు తీయాలో ఆ రాత చూసి తేల్చుకోవచ్చు.